ఓటు వాళ్ళది, ఊరేగింపు మనకు

2022 జూలై 2న బేగంపేట విమానాశ్రయం ఒకే రోజు రెండు స్వాగతాలు చూసింది. ప్రతిపక్షాల రాష్ట్రపతి అభ్యర్థి యశ్వంత్ సిన్హా దిగినప్పుడు ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా ఎదురెళ్ళి భారీ ర్యాలీతో జలవిహార్‌కు తీసుకెళ్ళారు. కొన్ని గంటలకు అక్కడే ప్రధాని మోదీ దిగితే ఒక మంత్రిని పంపారు. నగరంలో ఒకపక్క ‘సాలు దొర, సెలవు దొర’, ఇంకోపక్క ‘సాలు మోదీ, సంపకు మోదీ’. జలవిహార్ సభలో ఎక్కువసేపు నడిచింది ప్రధానికి ప్రశ్నాస్త్రాలే. వచ్చిన అతిథి ఏ పదవికి పోటీ చేస్తున్నాడో, ఆ పదవిలో కూర్చుంటే ఏం చేయగలడో అన్న ముచ్చట ఫ్లెక్సీల మధ్య ఎక్కడో తప్పిపోయింది.

ద్రౌపదీ ముర్ము పదవీకాలం 2027 జూలై 24తో ముగుస్తుంది. ఆలోపు మళ్ళీ ఎన్నిక, మళ్ళీ స్టూడియోల్లో అదే జాతర. 2025 సెప్టెంబరు నాటి ఉపరాష్ట్రపతి ఎన్నికలో దానికి రిహార్సల్ ఎలాగూ చూశాం. అందుకే ముందుగా ఒక మాట. ఏ పార్టీ ఏ అభ్యర్థిని వెనకేసుకొచ్చినా తప్పు లేదు. పక్షం వహించడం పార్టీల పని. ఆ పక్షపాతానికి ఆధారంగా అభ్యర్థి పాత ఫైళ్ళు చూపించాలి గానీ కులం, ప్రాంతం, బిరుదులు చూపిస్తే చాలదు.

అసలు రాష్ట్రపతి ఎన్నికలో ఓటెవరిదో చాలా చర్చల్లో తప్పే చెబుతున్నారు. ఎన్నికైన ఎమ్మెల్యేలు, ఎన్నికైన ఎంపీలు మాత్రమే ఓటర్లు. ఎమ్మెల్సీలకు ఓటు లేదు. నామినేటెడ్ ఎంపీలకు రాష్ట్రపతి ఎన్నికలో లేదు, ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఉంటుంది. తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132. లెక్క తేలికే: 1971 జనాభా 1,57,02,122ను 119 స్థానాలతో భాగించి, వచ్చిన దాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తే 131.95 వస్తుంది, దాన్ని 132 చేశారు. అదే పద్ధతిలో ఆంధ్రప్రదేశ్‌ది 159. రెండు అసెంబ్లీలూ కలిపితే 43,533. 2022లో మొత్తం విలువ 10,86,431 కాబట్టి మన రెండు శాసనసభల వాటా నూటికి నాలుగు. ఎంపీలను కలుపుకుంటే ఇంకాస్త పెరుగుతుంది. ‘తెలుగు రాష్ట్రాలే కింగ్ మేకర్’ అని అరిచే స్క్రోలింగ్ చూసినప్పుడు ఈ నాలుగు శాతం గుర్తుంటే మంచిది.

ఇంకో పొరపాటు విప్ గురించి, అంటే ఫలానా వారికే ఓటేయాలన్న పార్టీ ఆదేశం గురించి. ‘విప్ ధిక్కరిస్తే వేటే’ అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. రాష్ట్రపతి ఎన్నికలో విప్ చెల్లదు, ఓటు రహస్యం, ఈ సంగతి ఎన్నికల సంఘం స్పష్టంగా చెప్పింది. అయినా పార్టీల నాయకులకు ‘ఆత్మప్రబోధం’ గుర్తొచ్చేది అవతలి పార్టీ సభ్యుల విషయంలోనే. సొంత సభ్యులకు మాత్రం మాక్ పోలింగ్.

ఆ మాట పుట్టిన ఎన్నికలో దెబ్బతిన్నది మనవాడే. 1969లో కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆయన నామినేషన్ మీద సంతకం చేసిన ఇందిరాగాంధీయే తర్వాత ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. ఈ ఎన్నికలో ఓటరు అభ్యర్థులకు 1, 2 అని వరస ఇస్తాడు. సంజీవరెడ్డిపై స్వతంత్రుడిగా నిలబడ్డ వి.వి. గిరికి మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలుపు గీత 4,18,169. ఎవరూ దాన్ని దాటలేదు కాబట్టి రెండో ప్రాధాన్యాలు లెక్కించాల్సి వచ్చింది. గిరి 4,20,077తో గట్టెక్కారు, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. రెండో ప్రాధాన్య ఓట్లతో తేలిన రాష్ట్రపతి ఎన్నిక ఇప్పటికీ అదొక్కటే.

ఆ ప్రచారంలో ఒక కరపత్రం తిరిగింది. అచ్చువేసిందెవరో లేదు, సంజీవరెడ్డి వ్యక్తిగత జీవితం మీద బురద మాత్రం నిండుగా ఉంది. ఎంపీలకు పోస్టులో వచ్చింది, పార్లమెంటు సెంట్రల్ హాల్లో చేతులు మారింది. ఎన్నిక చెల్లదంటూ కేసు సుప్రీంకోర్టుకు వెళితే, పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. కరపత్రం పంచిన మాట నిజమేననీ, అయితే గిరి ప్రమేయం రుజువు కాలేదనీ 1970లో కోర్టు పిటిషన్ కొట్టేసింది. ఇప్పటి వాట్సాప్ ఫార్వర్డుకూ దానికీ పెద్ద తేడా లేదు, పోస్టల్ స్టాంపు ఖర్చు మిగిలిందంతే. ఆ బురద ఓడిన అభ్యర్థికి అంటుకోలేదనుకోండి. 1977లో నామినేషన్లు వేసిన 37 మందిలో 36 మందివి చెల్లకపోగా సంజీవరెడ్డి ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

2022కు వద్దాం. ముర్మును ఒకరు ‘రబ్బరు స్టాంపు’ అన్నారు, ఇంకొకరు రాష్ట్రపతి భవన్‌లో విగ్రహం అక్కర్లేదన్నారు. మద్దతిచ్చినవాళ్ళు తొలి ఆదివాసీ మహిళ అన్నచోటే ఆగిపోయారు. ఆవిడ 2015 నుంచి 2021 దాకా జార్ఖండ్ గవర్నరు. అక్కడి బీజేపీ ప్రభుత్వం ఛోటానాగ్‌పుర్, సంథాల్ పరగణా కౌలు చట్టాలకు తెచ్చిన సవరణ బిల్లులను 2017లో వెనక్కి పంపారు. గిరిజనుల భూములకు ఆ చట్టాలే రక్షణ, మన ఏజెన్సీలో 1/70 చట్టం ఎలాగో అక్కడ అవి అలాగ. సంతకం పెట్టమన్న చోట పెట్టలేదన్న సంగతిని స్టాంపు అన్నవాళ్ళు చూడలేదు. తమ ప్రభుత్వానికే బిల్లు తిప్పి పంపిన సంగతిని పొగిడినవాళ్ళు ఎత్తలేదు. ఇద్దరికీ అక్కర్లేని ఆ ఒక్క ఫైలే ఓటరుకు పనికొచ్చేది.

అవతలి అభ్యర్థి సిన్హా తీరు ఇంకో రకం. తాను గెలిస్తే పౌరసత్వ సవరణ చట్టం అమలు కానివ్వనని గువాహటిలో అన్నారు. పార్లమెంటు చేసి, రాష్ట్రపతి ఆమోదించి, గెజిట్‌లోకి ఎక్కిన చట్టాన్ని ఆపే అధికారం రాష్ట్రపతికి ఎక్కడుంది? ఆర్థిక మంత్రిగా బడ్జెట్లు పెట్టిన మనిషికి ఇది తెలియక కాదు. హైదరాబాద్‌లో ఆయన్ను భుజానికెత్తుకున్నవాళ్ళు ఈ ప్రశ్న అడగలేదు. తెలంగాణలో పోలైన 117 ఓట్లలో 113 ఆయనవి, ముర్ముకు మూడు, చెల్లనిది ఒకటి. పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో ఆయనకు ఒక్క ఓటూ రాలేదు. బద్ధశత్రువులైన తెలుగుదేశం, వైసీపీ రెండూ ముర్ము వైపే నిలిచాయి. ఒకే అభ్యర్థికి ఒకే భాష వాళ్ళు ఇటు 113, అటు సున్నా ఇచ్చారంటే ఓటును నిర్ణయించింది ఆ అభ్యర్థి గుణగణాలు కావని వేరే చెప్పాలా?

2025లో సీన్ తిరగబడింది. ప్రతిపక్షాల ఉపరాష్ట్రపతి అభ్యర్థి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి రంగారెడ్డి జిల్లా మనిషి కావడంతో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తెలుగువాడికి ఓటేయమని అన్ని పార్టీలనూ కోరారు. తెలుగుదేశం, వైసీపీ మళ్ళీ ఒకే వైపు, సి.పి. రాధాకృష్ణన్ వైపు. బీఆర్ఎస్ యూరియా కొరత పేరు చెప్పి పోలింగుకే వెళ్ళలేదు. రాధాకృష్ణన్‌కు 452, సుదర్శన్ రెడ్డికి 300, చెల్లనివి 15. తెలుగు ఆత్మగౌరవం నినాదానికి చరిత్రలోనే ఒక చిక్కుంది. 1969లో తలపడ్డ ఇద్దరూ తెలుగువాళ్ళే, ఒకరు అనంతపురం, ఒకరు బరంపురం.

సుదర్శన్ రెడ్డి మీద కేంద్ర హోంమంత్రి చేసిన విమర్శ, ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి నిలిపిన సల్వాజుడుం దళాలపై వచ్చిన తీర్పు గురించి. ఆ తీర్పు రాకుంటే నక్సలిజం 2020 నాటికే ముగిసేదన్నారు. తీర్పు 2011 జూలై 5 నాటిది. సుదర్శన్ రెడ్డి ఉన్న ఇద్దరు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇచ్చింది. అరకొర చదువున్న గిరిజన యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారుల పేరుతో మావోయిస్టుల మీదికి తోలడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. దాన్ని ఎవరైనా విమర్శించవచ్చు. తీర్పు చదివి, ఫలానా పేరాలో ఫలానా వాదన తప్పు అని చెబితే అది విమర్శ. తీర్పు రాసినవాడికి నక్సల్ ముద్ర వేసి ఊరుకుంటే అది 1969 కరపత్రానికి తమ్ముడు.

ఇటు రాధాకృష్ణన్ 2024 మార్చి నుంచి జూలై దాకా తెలంగాణ గవర్నరుగా అదనపు బాధ్యతలు చూశారు. సోమాజిగూడ రాజ్‌భవన్ (ఇప్పుడు లోక్ భవన్) మన స్టూడియోలకు పది నిమిషాల దూరం. ఆ నాలుగు నెలల్లో ఏ ఫైలు ఎన్నాళ్ళు ఆగింది, ఏది కదిలింది అని లెక్క తీసిన చర్చ ఎన్ని చానళ్ళలో చూశాం? ఆయన సామాజికవర్గం మీద మాత్రం గంటలు గడిచాయి.

కాబట్టి ఈసారి బేగంపేటలో దిగే అభ్యర్థి ఎవరైనా, ఎవరి కండువాతో స్వాగతం పలికినా, హైదరాబాద్ అడగాల్సిన ప్రశ్నలు వేరు. మంత్రివర్గం సలహాను రాష్ట్రపతి 74వ అధికరణం కింద పునఃపరిశీలనకు ఒక్కసారి తిప్పి పంపవచ్చు, మళ్ళీ అదే సలహా వస్తే పాటించి తీరాలి. కె.ఆర్. నారాయణన్ 1997లో ఉత్తరప్రదేశ్, 1998లో బిహార్ విషయంలో రాష్ట్రపతి పాలన సిఫార్సులను అలాగే తిప్పి పంపారు. అబ్దుల్ కలాం 2006లో లాభదాయక పదవుల బిల్లును పార్లమెంటుకే తిప్పి పంపారు, అదే బిల్లు మళ్ళీ వస్తే సంతకం చేశారు. మీరైతే ఎలాంటి ఫైలును తిప్పి పంపుతారు? ఇది మొదటి ప్రశ్న.

రెండోది మన గడపలోది. విద్య, ఉద్యోగాలు, స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం ఇస్తూ 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆమోదించిన బిల్లులు రాష్ట్రపతి పరిశీలనకు వెళ్ళాయి. అలాంటి బిల్లులపై నిర్ణయానికి కోర్టులు గడువు విధించలేవని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయం చెప్పింది. గడువు లేనప్పుడు పదవిలో ఉన్న మనిషి తీరు ఇంకా ముఖ్యమవుతుంది. ‘నేనొస్తే సంతకం పెట్టేస్తా’ అనే అభ్యర్థిని నమ్మొద్దు, కేంద్ర మంత్రివర్గం సలహా లేకుండా ఆ సంతకం పడదు. ‘ఆ ఫైలు ఏ దశలో ఉందో తెప్పించుకుని అడుగుతా’ అనేవాడు చేయగలిగింది చెబుతున్నట్టు. ఉద్యోగాల్లో జోన్లు, స్థానికత తేల్చిన 2018 ఉత్తర్వు కూడా రాజ్యాంగం 371డి అధికరణం కింద రాష్ట్రపతి పేరు మీద వచ్చిందే. ఆ ఉత్తర్వు వల్ల బదిలీల్లో నలిగిన టీచరుకు రాష్ట్రపతి ఎవరన్నది దూరపు విషయం కాదు.

ఇక ఓటు వేసేవాళ్ళ సంగతి. 2022లో చెల్లని ఓట్లు 53, వాటిలో 15 ఎంపీలవి. చట్టాలు చేసేవాళ్ళకు చీటీ మీద ఒక అంకె వేయడం రాకపోవడం ఏమిటో! ఎమ్మెల్యేల బ్యాలెట్ గులాబీ రంగు, ఎంపీలది ఆకుపచ్చ. ఇక్కడి పార్టీల రంగులతో దానికి సంబంధం లేదు, శాసనసభ లాబీలో ఆ జోకు ప్రతిసారీ వినిపించినా. టిక్కు పెడితే చెల్లదు. అభ్యర్థి పేరుకు ఎదురుగా అంకె వేయాలి. 1 అని వేసినా, తెలుగులో ౧ అని వేసినా చెల్లుతుంది, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. ఇద్దరి ఎదురుగా 1 వేస్తే పోయినట్టే. మొదటి ప్రాధాన్యం వదిలేసి 2 మాత్రమే వేసినా అంతే. సంతకం, పేరు, ఆనవాలు పట్టించే గీత ఏది ఉన్నా పక్కన పడేస్తారు. 2012లో ములాయంసింగ్ యాదవ్ ఒకరికి వేయబోయి ఇంకొకరికి వేసి, ఆ చీటీ చింపి రెండో చీటీ తీసుకుంటే ఎన్నికల సంఘం ఆ ఓటును రద్దు చేసింది. లోపల ఊదా సిరా కలం సంఘమే ఇస్తుంది, వేరే దాంతో వేసింది లెక్కింపులో నిలవదు. సొంత కలాన్ని గుమ్మం బయటే ఇచ్చి వెళ్ళడం మేలు.