మైనస్ 39 మీటర్ల జవాబుకి రెండున్నర మార్కులా?

ఇప్పుడే బెంగళూరు మారతహళ్లిలో మా అక్కవాళ్ల ఇంటి నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ఇది రాస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

అక్క కొడుకు పదకొండో తరగతి, సీబీఎస్‌ఈ. ఫిజిక్స్ యూనిట్ టెస్ట్ పేపరు చూపించాడు. సెకనుకు 20 మీటర్ల వేగంతో, 15 డిగ్రీల కోణంలో విసిరిన బంతి ఎంత దూరంలో పడుతుంది? జీ (భూమ్యాకర్షణ) విలువ 10 తీసుకోమన్నారు. ఫార్ములా సరిగ్గానే రాశాడు. అందులో కోణం రెట్టింపవుతుంది, సైన్ 30 అంటే అర. వేగం వర్గం 400, అందులో సగం 200, పదితో భాగిస్తే 20 మీటర్లు. పెన్ను కూడా అక్కర్లేని లెక్క. వాడు రాసిన జవాబు మైనస్ 39.52 మీటర్లు!

కాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో (కోణానికి ఇంకో కొలత) ఉంది. సైన్ 30కి మైనస్ 0.988 చూపించింది, వీడు దించేశాడు. ముందుకు విసిరిన బంతి దూరం మైనస్ ఎలా అయిందిరా అంటే "అదే వచ్చింది పిన్నీ" అన్నాడు. పిల్లాడి మీద నాకు కోపం లేదు. పదో తరగతిలో సైన్ 30 విలువ వీడికి నోటికి వచ్చు, నేనే అప్పజెప్పించుకున్నాను. చేతిలోకి మిషన్ వచ్చేసరికి అది గుర్తు చేసుకోవాలనే ఆలోచనే పోయింది.

నాకు మండింది మార్కులు చూసి. మూడుకి రెండున్నర! పక్కన "స్టెప్స్ కరెక్ట్" అని రాశారు. జవాబు అసలు జరిగే పనేనా అని చూసుకోవడం ఫిజిక్స్‌లో స్టెప్ కాదా? రేపు వీడు ఇంజనీరై బ్రిడ్జి లెక్క వేస్తే దానికీ అర మార్కు కోతతో సరిపెడతారా?

కెమిస్ట్రీ కూడా అంతే. 0.001 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ పీహెచ్ ఎంత అంటే లాగ్ బటన్ వెతుకుతున్నాడు. మూడు సున్నాలు కాదు, పది పవర్ మైనస్ మూడు అని చూస్తే జవాబు 3 అని కళ్లముందే ఉంది కదా!

పోనీ ఈ అలవాటు వీడికి ముందు ముందు పనికొస్తుందా? సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షలో మ్యాథ్స్‌కీ సైన్సుకీ కాలిక్యులేటర్ ఒప్పుకోరు. జేఈఈలో లేదు, నీట్‌లో లేదు. 2026 జేఈఈ మెయిన్‌కి స్క్రీన్ మీద కాలిక్యులేటర్ ఇస్తారని సమాచారం వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పండగ చేసుకున్నారు. అది అచ్చుతప్పు, అలాంటిదేమీ లేదని ఆ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ చెప్పగానే పిల్లలకి అన్యాయం చేశారని అదే గ్రూపులో ఏడ్చారు. ఐఎస్‌సీ అనే ఇంకో బోర్డు పన్నెండో తరగతిలో అనుమతి ఉంది, ఉండనివ్వండి. 12.7ని 9.81తో గుణించడానికి నేనూ కాలిక్యులేటరే వాడతాను. సగం చేయడానికి, పదితో భాగించడానికి ఎందుకు?

"ఫారిన్‌లో అంతే" అని మా బావగారు అడ్డం వచ్చారు. ఆ ఫారిన్ కేంబ్రిడ్జి బోర్డువాళ్లే పదో తరగతి స్థాయి ఐజీసీఎస్‌ఈ మ్యాథ్స్‌లో 2025 నుంచి కాలిక్యులేటర్ లేకుండా రాయాల్సిన పేపరు పెట్టారు. ఆ మాట చెబితే లేచి టీవీ పెట్టుకున్నారు.

అసలు తప్పు ఈ ఏడాది మొదలవలేదు. వీడు మూడో తరగతిలో ఉన్నప్పుడు నేనూ అక్కతో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లాను. ఎక్కాలు ఎందుకు చెప్పించడం లేదని అడిగాను. "అది బట్టీ మేడం, మేము కాన్సెప్ట్ నేర్పిస్తాం" అన్నారు టీచరు. పదమూడు ఆరులు అడిగితే వేళ్లు లెక్కపెట్టే పిల్లాడికి ఏం కాన్సెప్ట్ ఎక్కుతుంది? నేను పల్లెటూరి మనిషినన్నట్టు చూసిన ఆవిడ మొహం నేను మర్చిపోలేదు. అక్క కింద వాటాలో ఉండే కన్నడ తాతగారు మనవడితో రోజూ దీపాలవేళ మగ్గి, అంటే ఎక్కాలు, చెప్పిస్తారు. ఆ పిల్లాడు కిరాణా బిల్లు చూడగానే తప్పు పట్టేస్తాడు. ఆయన ఏ ట్రైనింగూ తీసుకోలేదు.

ఇప్పుడు అదే స్కూల్లో అక్క కూతురు మూడో తరగతి. క్లాసులో ఎక్కాలు ఇప్పటికీ లేవు. కానీ సాయంత్రం వేదిక్ మ్యాథ్స్ అని పెట్టారు, దానికి విడిగా ఫీజు! గుణకారాలు వేగంగా చేయిస్తారట. పగలు బట్టీ అన్న పనికి సాయంత్రం డబ్బులు వసూలు చేస్తున్నారు! అక్క ఫారం కూడా నింపేసింది. కట్టొద్దని చెప్పి ఆ ఫారం నా బ్యాగులో పెట్టుకొచ్చాను.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మూడో తరగతిలో రోజూ ఎక్కాలు అప్పజెప్పించుకునే స్కూలు ఏదైనా మీకు తెలిస్తే చెప్పండి. వచ్చే ఏడాదికి ఆ పిల్లని అక్కడ చేర్పించే పూచీ నాది.