3.73 క్రౌన్ పినియన్ వేస్తే మైలేజి పెరిగిపోతుందా? సుంకి ఘాటీ ఎక్కే బండికి కాదు

ఒడిశాలోని కోరాపుట్, సెమిలిగుడ వైపు పికప్‌లు నడుపుకునే మన తెలుగువాళ్ల ఫోన్లలో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. వెనక యాక్సిల్ హౌసింగ్‌లో 4.10 క్రౌన్ పినియన్ (ఇంజిన్ తిప్పుడును చక్రాలకు అందించే పెద్ద, చిన్న పళ్ల చక్రాల జత) తీసేసి 3.73 వేయించుకుంటే లీటరుకు 3 కిలోమీటర్లు ఎక్కువ వస్తుందట, లాగుడులో తేడా ఉండదట, ఇంజిన్ ఎక్కువ కాలం మన్నుతుందట. ‘వేయించేద్దామా అన్నా?’ అని ఇద్దరు నన్ను అడిగారు. వద్దన్నాను. ఎందుకో చెబుతాను.

క్రౌన్‌కి 41 పళ్లు, పినియన్‌కి 10 ఉంటే 4.10. పినియన్‌కి 11 ఉంటే 3.73. ఈ అంకెనే రేషియో అంటారు: చక్రం ఒక్కసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే కడ్డీ) అన్ని చుట్లు తిరగాలి. రెండింటికీ తేడా 9 శాతం.

మొదట మైలేజి. చుట్టుకొలత 2.1 మీటర్లున్న టైరుతో, డైరెక్ట్ గేర్‌లో (ఇంజిన్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకే వేగంతో తిరిగే గేర్) గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఇంజిన్ 4.10తో సుమారు 1950, 3.73తో 1775 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతుంది. తక్కువ లోడుతో ఎప్పుడూ బరంపురం–భువనేశ్వర్ హైవే మీదే తిరిగే బండికి దీనివల్ల డీజిల్ కొంత మిగులుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఇంజిన్ 9 శాతం తక్కువ తిరిగినంత మాత్రాన డీజిల్ 9 శాతం మిగలదు. గాలిని తోసుకుపోవడానికి, టైర్ల రాపిడికి పట్టే శక్తి ఎప్పటిలాగే ఉంటుంది. 12 ఇచ్చే బండి 15 ఇవ్వాలంటే 25 శాతం పెరగాలి. ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక మన దారి చూడండి. సాలూరు నుంచి సుంకి ఘాటీ (కొండ దారి) మీదుగా కోరాపుట్ చేరేసరికి దాదాపు 750 మీటర్లు పైకి ఎక్కుతాం. లోడుతో కలిపి 3 టన్నుల బండిని అంత ఎత్తుకి తీసుకెళ్లడానికే 22 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు డీజిల్‌లో ఉండేది సుమారు 36. అందులో మూడో వంతు మాత్రమే చక్రాల దాకా వస్తుందనుకున్నా, ఎత్తు ఎక్కడానికే రెండు లీటర్ల దగ్గర ఖర్చు. ఏ పినియన్ వేసినా ఆ ఖర్చు తప్పదు.

ఇంకో సంగతి. స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి నడిచే బండిలో రేషియో మారిస్తే మీటరు లెక్క తప్పుతుంది. 3.73 వేశాక 100 కిలోమీటర్లు నడిస్తే 91 అని చూపిస్తుంది. 55 అనుకుని 60లో పోతుంటాం. లెక్క సరిచేయించకుండా మైలేజి చెప్పుకుంటే ఆ అంకెకు అర్థం లేదు.

లాగుడులో తేడా ఉండదన్నది శుద్ధ తప్పు. అదే గేర్‌లో చక్రానికి అందే బలం 9 శాతం తగ్గుతుంది. నాలుగో గేర్‌లో ఎక్కే చోట మూడుకి దింపాల్సి వస్తే ఇంజిన్ ముందుకన్నా ఎక్కువే తిరుగుతుంది. ఏటవాలులో ఆపి మళ్లీ కదపాలంటే ఫస్ట్‌కన్నా కింద గేర్ లేదు కదా, ఆ భారమంతా క్లచ్ మీద పడుతుంది. నాకు తెలిసిన ఒక తమ్ముడు పొట్టంగి నుంచి అల్లం వేసుకుని వస్తూ వంపు దగ్గర లారీ వెనక ఆగాడు. మళ్లీ కదపబోతే క్లచ్ ప్లేట్ కాలిపోయింది. వాడిదీ మార్చిన రేషియోనే.

ఇంజిన్ మన్నిక మాటకొస్తే, బరువు మీద ఆర్‌పీఎం మరీ పడిపోతే టర్బో సరిగా గాలి అందించదు, నల్ల పొగ వస్తుంది, బేరింగుల మీద ఒత్తిడి పెరుగుతుంది. తక్కువ తిరగడమూ తేలిగ్గా తిరగడమూ ఒకటి కాదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండికైతే ముందు, వెనక రేషియోలు ఒకటే ఉండాలి, ఒక్క వెనకదే మార్చకూడదు.

నాకు అసలు భయం దిగేటప్పుడే. కోరాపుట్ నుంచి లోడుతో సాలూరు వైపు దిగుతుంటే బండిని పట్టి ఉంచేది బ్రేకులు ఒక్కటే కాదు, గేర్‌లో ఉన్న ఇంజిన్ కూడా. 3.73తో అదే గేర్‌లో ఆ పట్టు తగ్గుతుంది. తగ్గిందని తెలియక పాత అలవాటు ప్రకారం అదే గేర్‌లో దిగితే బ్రేకులు ఎక్కువగా తొక్కాల్సి వస్తుంది. అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఇప్పటికే మార్చుకున్నవాళ్లు దయచేసి సుంకి దగ్గర ఘాటీ మొదలవకముందే ఒక గేరు కిందికి వేసుకుని దిగండి.