లోటు కంపెనీలది, చెల్లింపు ఖజానాది

చాక్లెట్‌కు మూలమైన కోకో గింజలకు 2025 వేసవిలో కిలోకు 500 రూపాయలు దక్కేలా చూశామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పుకున్నది. అందులో 450 రూపాయలు కొనుగోలు కంపెనీలవి, మిగిలిన 50 రూపాయలు ప్రభుత్వం కలిపినవి. ఎండిన గింజలు ఇంట్లో పెట్టుకుని వేసవిలో ఏలూరు వెళ్లి ధర్నా చేయవలసి వచ్చిన రైతుకు ఈ మాత్రం ఊరట దొరకడాన్ని ఎవరూ తప్పుపట్టరు, మేమూ తప్పుపట్టడం లేదు. అయితే ఆ 50 రూపాయలు న్యాయంగా ఎవరు చెల్లించవలసినవి అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఈ ఏర్పాటును విజయంగా చాటుకోవడాన్ని మాత్రం అంగీకరించలేము. కొనేవారు ధర తగ్గిస్తే ఆ తగ్గింపులో కొంత భాగాన్ని ప్రజాధనంతో పూడ్చే ఆనవాయితీకి గోదావరి జిల్లాల్లో ఆ వేసవిలో పునాది పడింది. ఒకసారి పడిన ఆనవాయితీ తొలగిపోవడం ఎంత కష్టమో ఈ రాష్ట్రంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు.

2024 వేసవిలో ఇదే గింజ కిలో వెయ్యి రూపాయలు దాటింది. ప్రపంచంలో పండే కోకోలో సుమారు 60 శాతాన్ని అందించే ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లో ప్రతికూల వాతావరణం, కాయకుళ్లు, చిగురుకొమ్మలు ఉబ్బే వైరస్ తెగులు, ముదిరిపోయిన తోటలు అన్నీ కలిసి దిగుబడిని దెబ్బతీశాయి. 2022లో టన్ను 2,500 డాలర్ల దరిదాపుల్లో ఉన్న న్యూయార్క్ ధర 2024 డిసెంబరులో 12,000 డాలర్లు మించింది. 2025లో అది కొంత దిగిన మాట నిజమే. కానీ ఆ ఏడాది మే నెలలో కూడా అక్కడ టన్ను 8,000 డాలర్లకు పైనే పలికింది. డాలరుకు 85 రూపాయల చొప్పున లెక్కవేసినా కిలో 680 రూపాయలవుతుంది. విదేశీ గింజను తెప్పించుకుంటే ఓడ రవాణా ఖర్చు, సుంకం దానికి అదనం. మన దేశపు అవసరంలో అధిక భాగం దిగుమతుల మీదనే నడుస్తున్నది కనుక ఇక్కడి గింజ ఎక్కువై ధర పడిపోయిందన్న వాదనకు చోటే లేదు. మరి పెదవేగి రైతుకూ, అంబాజీపేట రైతుకూ 450 రూపాయలు ఏ లెక్కన నిర్ణయమయ్యాయి? ఆ లెక్కను కంపెనీలు కాగితం మీద పెట్టలేదు. పెట్టమని ప్రభుత్వం గట్టిగా అడగనూ లేదు. అడగవలసిన చోట అడగకుండా తన వంతుగా 50 రూపాయలు ముందుకు జరిపింది.

కంపెనీల వాదన కూడా ఉన్నది. వానాకాలపు అన్‌సీజన్ గింజల్లో నాణ్యత తక్కువని, నిల్వలు పేరుకుపోయాయని, గింజలో బరువు, కొవ్వు (కోకో వెన్న) శాతం చాలడం లేదని అవి అన్నాయి. నాణ్యత మాటలో కొంత నిజం లేకపోలేదు.

అయితే కోకో నాణ్యత అన్నది కొనుగోలు కేంద్రంలో ఉద్యోగి అరచేతిలో గింజలు పోసుకుని చూసి తేల్చగలిగేది కాదు. కాయ కోసి పగలగొట్టిన తరువాత తెల్లని గుజ్జుతో ఉన్న పచ్చి గింజలను పెట్టెల్లోనో, బుట్టల్లోనో, కుప్పగానో పోసి, మధ్య మధ్య తిరగవేస్తూ 5 నుంచి 7 రోజులు పులియబెట్టాలి. గుజ్జులోని చక్కెరను ఈస్ట్‌లు ఆల్కహాలుగా మారుస్తాయి, ఆ ఆల్కహాలును బాక్టీరియా వినిగరు ఆమ్లంగా మారుస్తాయి. ఆ క్రమంలో పుట్టే వేడి 45 నుంచి 50 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికీ ఆమ్లానికీ గింజలోని మొలక చచ్చిపోయి, లోపలి ఊదారంగు గోధుమరంగులోకి తిరిగి, చాక్లెట్ రుచికి మూలమైన పదార్థాలు తయారవుతాయి. పులియని గింజను ఎంత వేయించినా ఆ రుచి రాదు. ఆ తరువాత తేమ 7 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. దాదాపు మూడు కిలోల పచ్చి గింజ ఎండితే కిలో అవుతుంది. వానాకాలంలో మన కొబ్బరి తోటల మధ్య ఎండ సరిగా తగలక బూజు పట్టడం, కొద్దిపాటి కాయలు మాత్రమే చేతికొచ్చిన చిన్న రైతు కుప్పకు చాలినంత వేడి పుట్టకపోవడం నిజమైన ఇబ్బందులే.

కానీ ఈ లోపాలన్నీ కొలవదగినవి. గింజలను పొడవునా కోసి లోపలి రంగు, బూజు, పురుగు లెక్కించే పరీక్ష ప్రపంచమంతటా అమలులో ఉన్నది. వంద గ్రాములకు ఎన్ని గింజలు తూగుతున్నాయన్నది మరొక కొలత, తేమకు మీటరు ఉండనే ఉన్నది. ఈ మూడూ రైతు కళ్లెదుట చేసి, ఫలానా లోపానికి ఫలానా కోత అని ముందే రాసి పెడితే నాణ్యత పేరుతో వచ్చే పేచీలో ముప్పాతిక వంతు తీరిపోతుంది. అదేదీ లేకుండా, ధర వెయ్యి దాటినప్పుడు కనిపించని నాణ్యతా లోపం ధర దిగగానే ప్రతి బస్తాలోనూ కనిపిస్తే రైతు ఎందుకు నమ్మాలి? 1545లో మెక్సికోలోని త్లాష్కాలాలో రాసిపెట్టిన సంత ధరల పట్టీ ఒకటి నేటికీ మిగిలి ఉన్నది. కోకో గింజలే నాణేలుగా చెల్లిన ఆ సంతలో పెట్ట టర్కీ కోడికి 100 గింజలు, పెద్ద టమాటాకు ఒక గింజ అని అందులో ఉన్నది. ఆనాటి సంతకు ఉన్నపాటి రాతకోతలు నేటి గోదావరి జిల్లాల కోకో కొనుగోలుకు లేకపోవడం సిగ్గుపడవలసిన విషయం.

మన రైతు ఇష్టం లేకపోతే అమ్మకుండా ఉండగలిగిన స్థితిలో లేడన్నది కంపెనీలకు బాగా తెలుసు. కోకో మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గాని కాపుకు రాదు. మొదలంటా విరబూసిన పూలలో కంటికి ఆనని చిన్న ఈగల వల్ల పరాగం అంది కాయగా నిలిచేవి నూటికి ఐదు కూడా ఉండవు, నిలిచిన కాయ పక్వానికి రావడానికి మరో ఐదారు నెలలు పడుతుంది. వరి అయితే వచ్చే ఏడు మార్చుకోవచ్చు, పదేళ్లు పెంచిన తోటను ఎవరు మార్చుకోగలరు? జూన్ దాటిందంటే డెల్టా గాలిలోని తేమకు ఎండిన గింజ మళ్లీ మెత్తబడి బూజెక్కుతుంది. అంటే కొనుగోలును ఒక నెల సాగదీస్తే చాలు, రైతు తనంత తానే ధర దించుకుంటాడు. ఈ పరిస్థితిలో ఖజానా నుంచి 50 రూపాయలు కలపడమంటే, సాగదీసినందుకు కంపెనీలకు బహుమానం ఇచ్చినట్టే. మరుసటి ఏడాది అవి 400 దగ్గర ఆగితే ప్రభుత్వం 100 కలుపుతుందా? ఆపై ఏడాది 350 అంటే?

ఈ ప్రశ్నకు జవాబు ఇదే జిల్లాల్లో ఉన్నది. డెల్టాలో కొబ్బరి నీడన, పైన మెట్టలో పామాయిల్ నీడన కోకో పెరుగుతున్నది. ఆ పామాయిల్ కోసం రాష్ట్రం 1993లోనే చట్టం తెచ్చింది. నూనె శాతాన్ని, ముడి నూనె ధరను లెక్కలోకి తీసుకుని టన్ను గెలల ధరను నెలనెలా ప్రకటిస్తున్నారు, ఫ్యాక్టరీలు ఆ ధర చెల్లించాలి. ఆ శాతం విషయంలో రైతులకు తగువులున్నాయి, కాని తగువుపడటానికి ఒక లెక్కంటూ ఉన్నది. ఒకే రైతు, ఒకే చేను, ఒకే నీరు. పైనున్న చెట్టుకు చట్టం ఉండి, దాని నీడనున్న చెట్టుకు ఎందుకు లేదు?

పశ్చిమాఫ్రికా వైపు చూసినా ఇదే తెలుస్తుంది. ఐవరీ కోస్ట్, ఘనా ప్రభుత్వాలు 2020-21 సీజను నుంచి టన్నుకు 400 డాలర్ల అదనపు మొత్తాన్ని రైతు జీవనాధారం కోసం విధించాయి. ఆ మొత్తాన్ని అవి తమ ఖజానా నుంచి ఇవ్వలేదు, కొనే కంపెనీల మీద వేశాయి. ఆ దేశాల పద్ధతిలో లోపాలు లేవని మేము అనడం లేదు, ధర మండిపోయిన కాలంలో అక్కడి రైతుకు దక్కినది కొద్దే. అయినా భారం ఎవరి మీద పడాలన్న విషయంలో ఆ బీద దేశాలు మనకన్నా స్పష్టంగా ఉన్నాయి.

దేశం లోపల కేరళ అనుభవం ఉండనే ఉన్నది. చాక్లెట్ కంపెనీ ప్రోత్సాహంతో అక్కడ విస్తరించిన తోటలను, 1980ల తొలి ఏళ్లలో ధర పడి కొనేవారు వెనక్కి తగ్గినప్పుడు, రైతులు పెద్ద ఎత్తున నరికివేశారు. అప్పుడు నిలబడిన తోటలను ఆదుకున్నది 1973లో వక్క రైతుల కోసం పుట్టిన క్యాంప్కో సహకార సంఘం. అది స్వయంగా గింజలు కొని, 1986లో కర్ణాటకలోని పుత్తూరులో సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టింది. పోటీగా మరొక కొనుగోలుదారు వచ్చి నిలబడినప్పుడే ధర నిలబడింది. కోకో దిగుబడిలో దేశంలోనే ముందున్న మన రాష్ట్రంలో అటువంటి సంస్థ ఒక్కటీ లేదు. పెదవేగిలో పామాయిల్ పరిశోధనా సంస్థ, అంబాజీపేటలో ఉద్యాన పరిశోధనా స్థానం, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నా, నాణ్యత వివాదంలో గింజ కోసి చూసి తీర్పు చెప్పే బాధ్యతను ప్రభుత్వం వాటిలో దేనికీ అప్పగించలేదు.

అందువల్ల ఆ 50 రూపాయలను 2025 సీజను ఒక్కదానికే పరిమితమైన సాయంగా ప్రభుత్వం లిఖితపూర్వకంగా ప్రకటించాలి. కొత్త సీజను గింజలు మొదలయ్యేలోగా పామాయిల్ చట్టం వంటి చట్టాన్ని కోకోకు తెచ్చి, అంతర్జాతీయ ధరతో ముడిపెట్టిన సూత్రాన్ని, అన్‌సీజన్ గింజకు ఎంత కోత అన్న పట్టీని, కొనుగోలు కేంద్రంలో రైతు ఎదుటే పరీక్ష చేయాలన్న నిబంధనను అందులో చేర్చాలి. ధర్నా శిబిరాలకు వచ్చి సంఘీభావం పలికిన నాయకులు ఈ చట్టం మాట శాసనసభలో ఎత్తకపోతే, ఆ సంఘీభావం కోకో రైతుకు పైసా విలువ చేయదని వారికి తెలియాలి. కంపెనీల ప్రతినిధులను పిలిచి టీ ఇచ్చి, వారు చెప్పిన ధరకు తన డబ్బు కలిపి పంపడం వ్యవసాయ శాఖ చేయవలసిన పని కాదు. వారిని కూర్చోబెట్టి, అంతర్జాతీయ ధర 680కీ, కంపెనీల ధర 450కీ మధ్య ఉన్న 230 రూపాయలు ఎటు పోయాయో చెప్పించడం దాని పని. 2025 వేసవిలో ఆ పని మొదలు కాలేదు.