బుద్ధుడు ఫీలింగ్స్ చంపుకోమన్నాడా?

బుద్ధ పూర్ణిమ దగ్గర పడితే చాలు, హుస్సేన్‌సాగర్ విగ్రహం ఫొటోతో ఒక ఫార్వర్డ్ హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు పెడతారు, ఆఫీసు గ్రూపులో ఇంకొకరు, సాయంత్రానికి మేనత్త కూడా పంపేస్తుంది. 'మనసును గెలవడానికి బుద్ధుడు చెప్పిన రహస్యాలు' అని హెడ్డింగ్. అందులో ఉన్నది ఇదీ: కోపం, ఏడుపు, ప్రేమ అన్నీ బలహీనతలే, చంపేసుకోవాలి. కోరికే దుఃఖానికి మూలం కాబట్టి ఏదీ కోరుకోకూడదు. ధ్యానమంటే ఒక్క ఆలోచన కూడా లేకుండా కూర్చోవడం. అది పట్టుబడితే డిప్రెషన్‌కు మందులు అక్కర్లేదు. మధ్యలో బుద్ధుడి పేరుతో ఒక నిప్పుకణిక కొటేషన్. చివర్లో, 'మన తెలంగాణకు బుద్ధుడు ట్యాంక్‌బండ్ విగ్రహంతోనే వచ్చాడు' అని ఓ కొసమెరుపు. కింద దండాలే దండాలు.

ముందు ఆ కొసమెరుపు సంగతి చూద్దాం. ఆ ఏకశిలా విగ్రహం 1990 మార్చిలో తరలిస్తుండగా సాగర్‌లో మునిగిపోయింది, కొందరి ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరు 1న దాన్ని నిలబెట్టారు. మరి దిల్‌సుఖ్‌నగర్ దాటగానే చైతన్యపురిలో, మూసీ ఒడ్డున నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద ఉన్న బ్రాహ్మీ శాసనం మాటేమిటి? విష్ణుకుండిన రాజుల కాలం నాటి ఆ ప్రాకృత శాసనం గోవిందరాజ విహారం గురించీ, భిక్షాటన చేసుకు బతికే భిక్షువుల గురించీ చెబుతుంది. అంటే ఈ ఊళ్లో బౌద్ధ విహారం ఉండేనాటికి చార్మినార్ కట్టడానికి ఇంకా వెయ్యేళ్లకు పైనే ఉంది. రోజూ ఎల్బీనగర్ మెట్రో ఎక్కేవాళ్లు దాని పక్క నుంచే పోతుంటారు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి, ఖమ్మం దగ్గర నేలకొండపల్లి, పెద్దపల్లి వైపు ధూళికట్ట స్తూపాలు సరేసరి.

అసలు ఇంకా వెనక్కి పోవాలి. సుత్తనిపాతం అనే పాత బౌద్ధ గ్రంథంలో పారాయణవగ్గం అని ఒక భాగం ఉంది. గోదావరి ఒడ్డున అస్సక దేశంలో ఉండే బావరి అనే ముసలి గురువు, బుద్ధుణ్ణి కలిసి రమ్మని పదహారుమంది శిష్యులను ఉత్తరాదికి పంపుతాడు. ఆ చోటు నిర్మల్ జిల్లా బాదన్‌కుర్తి అని మన చరిత్రకారులు చాలామంది అంటారు. వాళ్లు అంత దూరం నడిచి వెళ్లి అడిగింది వానల గురించో, రాజ్యాల గురించో కాదు. అజితుడు లోకాన్ని కప్పేసింది ఏమిటని అడిగాడు. మెత్తగు ఇన్ని దుఃఖాలు ఎక్కణ్ణుంచి పుడుతున్నాయని అడిగాడు. మనసు గురించిన ఈ ప్రశ్నలు గోదావరి ఒడ్డు నుంచి వెళ్లినవి. వాటికి వచ్చిన జవాబులు బౌద్ధ సాహిత్యంలో చాలా పాత పొరల్లో ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయం: ఫీలింగ్స్ చంపుకోవడం. దీనికి ఆ పదహారుమందిలోని పింగియుడే సమాధానం. బాగా ముసలివాడు, చూపు మందగించినవాడు. బుద్ధుణ్ణి కలిసి తిరిగొచ్చాక బావరి అడుగుతాడు: అంత గొప్పవాడైతే ఆయన్ను వదిలి ఎలా ఉండగలుగుతున్నావు? ఒక్క క్షణం కూడా వదిలి లేను అంటాడు పింగియుడు. ఒంట్లో బలం లేక శరీరం అక్కడికి పోలేకపోతోంది, మనసు మాత్రం రాత్రీ పగలూ ఆయన దగ్గరే ఉంది, కళ్లతో చూసినట్టే చూస్తున్నాను అంటాడు. ప్రేమ బలహీనతే అయితే ఈ మాటలను ఇన్ని తరాలు ఎందుకు భద్రంగా కాపాడుకున్నట్టు?

బుద్ధుడి వెంటే ఉండి చూసుకున్న శిష్యుడు ఆనందుడి కథ కూడా అంతే. బుద్ధుడు కుశీనగరంలో చివరి ఘడియల్లో ఉన్నప్పుడు ఆనందుడు తలుపు పట్టుకుని ఏడుస్తుంటాడు. బుద్ధుడు పిలిపిస్తాడు. ఏడవకు అంటాడు, అది నిజమే. ఇష్టమైనవాళ్లతో ఎడబాటు తప్పదని ముందే చెప్పలేదా అంటాడు. ఆ వెంటనే, ఇంతకాలం మాటతో, చేతతో, మనసుతో మైత్రిగా నన్ను చూసుకున్నావని అందరి ముందూ మెచ్చుకుంటాడు. 'బలహీనుడివి' అన్న మాట ఎక్కడా లేదు. ముఖ్య శిష్యులు సారిపుత్తుడు, మొగ్గల్లానుడు పోయాక బుద్ధుడు తానే, ఈ సభ నాకు ఖాళీగా అనిపిస్తోందని భిక్షువులతో అన్నట్టు సంయుత్త నికాయం అనే ఉపదేశాల సంపుటిలో ఉంది. తథాగతుడికి, అంటే బుద్ధుడికి, శోకం లేదని కూడా అక్కడే ఉంది. ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉండటంలోనే ఈ బోధ అంతా ఉందని నాకనిపిస్తుంది. లోటు కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, దానికింద నలిగిపోవడం మాత్రం ఉండదు.

కోపాన్ని వదలమని బుద్ధుడు చెప్పలేదా అంటే, చెప్పాడు, చాలాసార్లు. ఎలా వదలాలో కూడా సతిపట్ఠాన సుత్తంలో ఉంది (సుత్తం అంటే బుద్ధుడి ఉపదేశం). పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఎవడో సందులోంచి బండి దూర్చి మీ అద్దం గీకేసి పోయాడనుకోండి. దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి, తిట్టు నాలుక చివరికి వచ్చేస్తుంది. సుత్తం అప్పుడు చూసుకోమనేది ఇదీ: నాలో ఇప్పుడు ద్వేషం ఉంది. ఇది ఎలా పుట్టింది? ఎలా పోతుంది? పోయింది మళ్లీ రాకుండా ఉండాలంటే ఏం చేయాలి? 'నాకు కోపమే రాదు' అని పళ్లికిలించేవాడికి ఇందులో మొదటి మెట్టే దాటడం కుదరదు, ఉందని ఒప్పుకుంటే కదా చూసేది! ఇక మైత్రి, కరుణ, ముదిత (ఎదుటివారి సంతోషానికి సంతోషించడం), ఉపేక్ష (సమభావం) అనే నాలుగింటినీ పనిగట్టుకుని పెంచుకోమన్న బోధలో, ప్రేమను తీసుకెళ్లి చంపాల్సిన జాబితాలో ఎలా వేశారో ఆ ఫార్వర్డ్ రాసినవారికే తెలియాలి.

ఆలోచనలే లేకపోవడం ధ్యానమా? లోతైన ధ్యాన స్థితుల్లో ఆలోచన ఆగుతుందని సుత్తాలు చెబుతాయి, కాదనలేం. అయితే అక్కడికి పోయే దారంతా ఆలోచనతో పనే. తాను బోధి పొందకముందు ఆలోచనలను రెండు కుప్పలుగా పోసి, ఏ కుప్ప ఎటు లాక్కెళుతోందో గమనించానని బుద్ధుడే ఒక సుత్తంలో చెబుతాడు. చెడు ఆలోచన వదలకపోతే ఏం చేయాలో ఇంకో సుత్తంలో ఐదు ఉపాయాలున్నాయి: దాని బదులు మంచిదాన్ని తెచ్చుకో, దాని వల్ల జరిగే నష్టం చూడు, పట్టించుకోకుండా వదిలెయ్, అది ఎక్కడ మొదలైందో వెతుకుతూ నెమ్మదింపజెయ్. ఇవేవీ పనిచేయకపోతేనే, పళ్లు బిగబట్టి, నాలుక అంగిలికి ఆనించి అణిచెయ్. అంటే మన ఫార్వర్డ్ మొదటి రోజే చేయమంటున్న పని అక్కడ అన్నిటికన్నా చివర ఉంది.

'ఏదీ కోరుకోకు' అన్నదానికి ఎక్కువ వాదన అక్కర్లేదు. ఉన్నాభుడనే బ్రాహ్మణుడు ఇదే చిక్కు ఆనందుడి ముందు పెట్టాడు: కోరికతో కోరికను వదలడం ఎలా కుదురుతుంది, దానికి అంతేది? ఆనందుడు ఎదురు అడిగాడు: ఈ ఆరామానికి రావాలని కోరిక పుట్టింది కదా, వచ్చాక అది ఉందా? లేదన్నాడు బ్రాహ్మణుడు. అంటే గమ్యం వైపు నడిపించే కోరిక తప్పు కాదు, చేరాక అదే చల్లారుతుంది. కొడుక్కి సీటు రావాలని కోరుకునే తల్లిదండ్రులు ఈ ఫార్వర్డ్ చదివి అపరాధభావం పెట్టుకోనవసరం లేదు.

నిప్పుకణిక కొటేషన్: ఎదుటివాడి మీద విసరాలని కణిక పట్టుకుంటే ముందు కాలేది నీ చెయ్యే అన్నది మంచి మాటే. కాకపోతే చెప్పింది బుద్ధుడు కాదు. 5వ శతాబ్దంలో సింహళంలో బుద్ధఘోషుడనే భిక్షువు రాసిన విసుద్ధిమగ్గం అనే గ్రంథంలో ఉంది. అక్కడ నిప్పుతో పాటు మలం కూడా ఉంది. గుడ్ మార్నింగ్ ఫొటోకు బాగుండదని కాబోలు, దాన్ని తీసేశారు.

మందుల మాటకొస్తే నవ్వు ఆగిపోతుంది. ఈ ఒక్క ముక్క నిజంగా ప్రమాదం. జబ్బుపడ్డ భిక్షువులకు ఏ మందులు వాడవచ్చో చెప్పడానికి, భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఒక అధ్యాయమే ఉంది. జీవకుడనే వైద్యుడు బుద్ధుడికే చికిత్స చేశాడు. మతి చలించిన భిక్షువు ఆ స్థితిలో నియమం తప్పితే దోషం లేదని అదే పిటకం చెబుతుంది. గగ్గుడనే భిక్షువు అలా ఏదేదో చేసి, కోలుకున్నాక కూడా తోటివాళ్లు అవే ఎత్తిపొడుస్తుంటే, ఆపడానికి ప్రత్యేకంగా ఒక విధానమే పెట్టారు. 'ధ్యానం సరిగ్గా చేయలేదు కాబట్టే నీకిలా అయింది' అని ఎవరూ అనలేదు. ఇప్పటి పది రోజుల విపశ్యన శిబిరాలు కూడా దరఖాస్తులోనే మానసిక ఆరోగ్యం గురించి అడుగుతాయి. డాక్టర్ రాసిన మాత్రలు వేసుకుంటున్న వాళ్లెవరైనా ఈ ఫార్వర్డ్ చూసి ఆపేయాలనుకుంటే, ముందు ఆ డాక్టర్‌తోనే మాట్లాడండి. మనసు మరీ బాగోకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఫ్రీ.