సవరణ: ఎస్సెమ్మెస్‌లో చాట్‌బాట్, 160 అక్షరాల లెక్క

ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతులకు కీప్యాడ్ ఫోన్‌లోనే చాట్‌బాట్ జవాబులు అందేలా చేయడం గురించి పోయిన పోస్టులో రాశాను. అందులో మెసేజీకి 160 అక్షరాలు పడతాయని, బాట్ రాసింది నేరుగా రైతుకు చేరుతుందని అన్నాను. ఆ రెండు సంగతులూ సవరించాలి.

ఒక మెసేజీకి 160 అక్షరాలన్న లెక్క ఇంగ్లిషుకే. తెలుగుకి 70. ఇంగ్లిషు మెసేజీలో ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తానికీ 70 లెక్కే. పైగా గుణింతం గుర్తులు, పొల్లు విడివిడిగా లెక్కకొస్తాయి. "రొయ్యలు" కంటికి మూడక్షరాలే, ఫోనుకి ఏడు. 70 దాటితే మెసేజీ ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67 మాత్రమే. ప్రతి ముక్కకూ డబ్బులు పడతాయి. అందుకే బాట్‌కు "చిన్నగా చెప్పు" అంటే చాలదు, పంపేముందు కోడ్‌లో లెక్కపెట్టాలి.

రెండోది ఇంకా ముఖ్యం. బాట్ రాసిందల్లా రైతుకు చేరిపోదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల కింద మన దేశంలో మెసేజీలు పంపే సంస్థ, హెడర్ (పంపినవారి పేరుగా ఫోన్‌లో కనిపించేది), టెంప్లేట్ (ఖాళీలు వదిలి ముందే ఆమోదం పొందిన వాక్యం) మూడూ డీఎల్‌టీ అనే టెలికాం ఆపరేటర్ల రిజిస్టరులో నమోదై ఉండాలి. టెంప్లేటుతో కలవని వాక్యాన్ని ఆపరేటర్ దగ్గరే ఆపేస్తారు. కాబట్టి బాట్ పని సొంతంగా వాక్యాలల్లడం కాదు. రైతు అడిగింది అర్థం చేసుకుని, సరైన టెంప్లేట్ ఎంచి, ఖాళీలు నింపడం. నన్నడిగితే ఇదే మేలు. అర్ధరాత్రి గుంటలో ఆక్సిజన్ పడిపోతే రైతుకు కావాల్సింది "ఏరియేటర్లు వేయండి, మేత ఆపండి" అన్న ఖాయమైన మాట.

అక్షరాల హెడర్‌కు తిరుగు మెసేజీ వెళ్లదు. రైతు ప్రశ్న పంపడానికి మామూలు నంబరు వేరే తీసుకోవాలి.