ఆడిటర్ గారి సైట్‌లో ఏముండాలి?

జూలై వచ్చిందంటే విజయవాడ గవర్నర్‌పేటలోనూ, గుంటూరు బ్రాడీపేటలోనూ ఆడిటర్ల ఆఫీసు మెట్ల మీద చెప్పులు విడవడానికి చోటుండదు. ఒకరి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో బ్యాంకు స్టేట్‌మెంటు, ఎల్‌ఐసీ రసీదులు. ఇంకొకరి చేతిలో నాలుగు మడతలు పెట్టిన నోటీసు. లోపల ఆర్టికల్స్, అంటే సీఏ చదువులో భాగమైన ఆఫీసు శిక్షణ, చేసే కుర్రాళ్లు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఫామ్ 16 తెచ్చారా? ఇంటి లోను వడ్డీ సర్టిఫికెట్ ఏది? ఆధార్‌కు లింకైన ఫోన్ మీ దగ్గరే ఉందా, మీ అబ్బాయి దగ్గరుందా? ఏ ఒక్కటి లేకపోయినా మళ్లీ రేపు రమ్మంటారు. తెనాలి నుంచో, నూజివీడు నుంచో వచ్చిన మనిషికి ఆ పూట దండగ.

ఆ ప్రశ్నలే ముందు రోజు రాత్రి ఆయన ఫోన్‌లో కనిపించి ఉంటే రెండో ప్రయాణం తప్పేది. ఆడిటర్ వెబ్‌సైట్ చేయాల్సిన మొదటి పని అదేనని మా అభిప్రాయం. మన రెండు నగరాల్లో చాలా సైట్లు ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ చేస్తున్నాయి.

ఈ వారం అలాంటివి కొన్ని ఫోన్‌లో తెరిచి చూశాం. ఒకదాంట్లో ముందుగా సూట్లు వేసుకున్న విదేశీయులు కరచాలనం చేసుకుంటున్న ఫొటో వచ్చింది. అది పక్కకు జరిగి ఇంకో ఫొటో, దాని వెనక మరొకటి. కింద ఇంగ్లీషులో 'నాణ్యతే మా ఊపిరి' తరహా పేరా. ఫోన్ నంబర్ ఉంది కానీ బొమ్మలో అతికించారు. నొక్కితే కాల్ వెళ్లదు, కాపీ చేద్దామంటే కుదరదు, కాగితం మీద రాసుకోవాల్సిందే. మ్యాప్ నొక్కితే వేరే వీధి చూపించింది. ఆఫీసు మారినట్టుంది, మ్యాప్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంకో సైట్ సేవల జాబితాలో వ్యాట్, సర్వీస్ ట్యాక్స్ ఇప్పటికీ దర్జాగా కూర్చున్నాయి. సర్వీస్ ట్యాక్స్ 2017 జూలై 1న జీఎస్టీలో కలిసిపోయింది. వ్యాట్ ఇప్పుడు పెట్రోలు, డీజిల్, మద్యం లాంటి కొద్ది సరుకులకే మిగిలింది. మిర్చియార్డులో కమీషన్ దుకాణం నడిపే వ్యాపారి ఈ పేజీ చూస్తే ఏమనుకుంటాడు? తన లెక్కలు కూడా ఇలాగే పాతబడి ఉంటాయేమో అనుకోడా?

తప్పంతా ఆడిటర్లదే అనలేం. చార్టర్డ్ అకౌంటెంట్లు కాబట్టి, ఇష్టం వచ్చినట్టు ప్రకటనలు ఇచ్చుకునే స్వేచ్ఛ వాళ్లకు లేదు. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 నాటిది. ప్రకటనలు, సర్క్యులర్ల ద్వారా క్లయింట్లను పిలుచుకోవడం వృత్తిపరమైన తప్పిదమని దాని మొదటి షెడ్యూలు చెబుతుంది. వెబ్‌సైట్లకు అనుమతి వచ్చాక కూడా వాళ్ల సంస్థ ఐసీఏఐ ఒక గీత గీసింది. వెతుక్కుంటూ వచ్చినవాడికే సమాచారం దొరకాలి తప్ప సైట్ తానే వెళ్లి ఎవరి తలుపూ తట్టకూడదంది. క్లయింట్ల పేర్లు, ఫీజుల రేట్లు ప్రదర్శనకు పెట్టకూడదంది. ఈ నిబంధనలను ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు కాబట్టి సైట్ కట్టించేవాళ్లు డిజైనర్ మాట మీద పోకుండా తాజా ప్రతిని స్వయంగా చదువుకోవడం క్షేమం. బట్టల షాపుకు, కోచింగ్ సెంటర్‌కు సైట్ చేసిన కుర్రాడే ఆడిటర్‌కూ చేస్తాడు. 'నంబర్ వన్' అన్న మాట, క్లయింట్ల లోగోల వరుస అతనికి అలవాటు. నోటీసు వచ్చేది మాత్రం ఆడిటర్‌కే.

ఆ కట్టడి వల్ల మేలే జరిగిందని మేం అంటాం. గొప్పలు చెప్పుకోవడానికి వీల్లేనప్పుడు పనికొచ్చేది రాయక తప్పదు. వృత్తికి సంబంధించిన వ్యాసాలు, కొత్త మార్పుల వివరాలు సైట్‌లో పెట్టుకోవడానికి ఐసీఏఐ అడ్డు చెప్పలేదు. తెరిచి ఉన్న ఆ తలుపును వాడుకునేవాళ్లే తక్కువ.

ఏం రాయాలంటే, మనుషులు అడిగే మాటల్లోనే రాయాలి. 'లిటిగేషన్ సపోర్ట్' అని గూగుల్‌లో కొట్టే వ్యాపారి విజయవాడ వన్‌టౌన్ మొత్తం గాలించినా దొరకడు. అతను వెతికేది 'జీఎస్టీ నోటీసు వచ్చింది ఏం చేయాలి' అని. దానికో పేజీ ఉండాలి. నోటీసు చాలాసార్లు కాగితం మీద ఇంటికి రాదు, పోర్టల్‌లో పడుతుంది. చూసుకునేలోపు జవాబు గడువు దాటిపోయినవాళ్లు బజారుకు నలుగురుంటారు. ఏఎస్‌ఎంటీ-10 అనే నోటీసు వస్తే రిటర్నుల్లో కనిపించిన తేడాకు వివరణ అడుగుతున్నారని అర్థం, కంగారు అక్కర్లేదు. డీఆర్‌సీ-01 వస్తే సంగతి షోకాజ్ (సంజాయిషీ) నోటీసు దాకా వెళ్లిందన్నమాట, ఆ రోజే ఆడిటర్‌కు ఫోన్ చేయాలి. ఈ తేడా పది వాక్యాల్లో తెలుగులో చెప్పే సైటును జనం ఒకరికొకరు వాట్సాప్‌లో పంపుకుంటారు. ఆడిటర్ పంపనక్కర్లేదు, నిబంధన దాటినట్టూ కాదు.

తెలుగులో అన్నప్పుడు ఒక హెచ్చరిక. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన మ్యాటర్‌ను ఫొటోగా మార్చి సైట్‌లో అతికిస్తున్నారు. కంటికి అది తెలుగే, గూగుల్‌కు ఉత్త బొమ్మ. యూనికోడ్‌లో టైప్ చేయిస్తేనే వెతికినప్పుడు దొరుకుతుంది. సైట్ మొత్తాన్నీ తెలుగు చేయనక్కర్లేదు, జనం రోజూ అడిగే నాలుగైదు సంగతులు చాలు.

ఇక అమెరికా సంగతి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పిల్లలు అక్కడ లేని వీధి తక్కువ. డాలస్‌లో ఉన్న అమ్మాయి పటమటలో నాన్న కొనిపెట్టిన ఫ్లాట్ అమ్మాలనుకుంటుంది. ఆమెకు పగలు దొరికేసరికి ఇక్కడ అర్ధరాత్రి, ఏ ఆఫీసూ తెరిచి ఉండదు. ఆ వేళ ఆమెతో మాట్లాడేది వెబ్‌సైట్ ఒక్కటే. ఇక్కడ జరిగే పొరపాటు కూడా తరచూ ఒకటే. అమ్మేవాళ్లు మన దేశంలో ఉంటే, ధర 50 లక్షలు, ఆపైన అయినప్పుడు కొనేవారు ధరలో ఒక శాతం టీడీఎస్, అంటే ముందే మినహాయించే పన్ను, పట్టి కడితే సరిపోతుంది. ఎన్నారై అమ్ముతున్నప్పుడూ అదే ఒక శాతం పట్టి చేతులు దులుపుకుంటారు. అక్కడ లెక్క వేరు. 50 లక్షల పరిమితి అక్కడ లేదు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, ఆపైన సర్‌చార్జి, సెస్సు. తక్కువ పట్టేందుకు ఆదాయ పన్ను శాఖ నుంచి ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం ధర మీద పట్టాల్సి రావచ్చు. తక్కువ పట్టిన కొనుగోలుదారుడికి తర్వాత నోటీసు వస్తుంది, ఆయన వెళ్లి అమ్మాయి తండ్రి మీద విరుచుకుపడతాడు. అడ్వాన్సు ఇవ్వకముందే చదవాల్సిన సంగతి ఇది. ఆ సొమ్ము విదేశానికి పంపేటప్పుడు కావాల్సిన, ఇన్నాళ్లూ 15సీఏ, 15సీబీ అని పిలుచుకున్న ఫారాల గురించి కూడా అదే పేజీలో నాలుగు ముక్కలు ఉండాలి.

ఇలా రాసినవాటికి తేదీ వేయకపోతే మేలు కంటే కీడే ఎక్కువ. 2025లో రిటర్నుల గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు, చివర్లో మరో రోజు పెరిగి 16కు జరిగింది. అదే నెల 22 నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు చాలా సరుకులకు పోయి 5, 18 మిగిలాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయ పన్ను చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది. అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాటే పోయి 'ట్యాక్స్ ఇయర్' అయింది. రెండేళ్ల కిందటి పేజీ నమ్మి ఎవరైనా లెక్క వేసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ప్రతి పేజీ కింద 'ఫలానా తేదీ వరకు సరిచూసినది' అన్న ఒక్క వరస ఉండాలి. సరిచూసే తీరిక లేని ఆఫీసు ఆ పేజీ పెట్టకపోవడమే మంచిది. మూడు పేజీలున్నా తాజాగా ఉంటే చాలు.

కాగితాలు తెప్పించుకునే పద్ధతి మీద మాకు కొంత గట్టి అభ్యంతరమే ఉంది. పాన్, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఆర్టికల్ కుర్రాడి సొంత వాట్సాప్‌కు వెళ్తున్నాయి. అతను ఆర్టికల్స్ ముగించి హైదరాబాద్ వెళ్లిపోయాక కూడా అవి ఆ ఫోన్‌లోనే ఉంటాయి. సైట్‌లో 'మమ్మల్ని సంప్రదించండి' ఫారం కూడా మొదటి పరిచయానికే పాన్ నంబర్ అడుగుతోంది. ఎందుకు? పేరు, ఫోన్, విషయం ఏమిటో తెలిస్తే చాలదా? డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. సమాచారాన్ని తగిన జాగ్రత్తతో కాపాడకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చని అందులో రాశారు. అంత పెద్ద దెబ్బ రెండు గదుల ఆఫీసు మీద పడుతుందని మేం భయపెట్టడం లేదు. క్లయింటుకు పాస్‌వర్డ్‌తో తెరుచుకునే అప్‌లోడ్ లింకు ఇవ్వడం, పని అయ్యాక ఆ ఫైళ్లు తీసేయడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. 'మా ఆఫీసు నుంచి ఎవరూ ఫోన్ చేసి బ్యాంకు ఓటీపీ అడగరు' అని మొదటి పేజీలో రాసి పెడితే పైసా ఖర్చు లేదు.

నమ్మకం కలిగించడానికి లోగోల వరుసకన్నా మంచి దారి యూడీఐఎన్. ఆడిటర్ సంతకం చేసిన సర్టిఫికెట్లకు 2019 ఫిబ్రవరి నుంచి అక్షరాలు, అంకెలు కలిపి 18 ఉండే ఈ నంబర్ తప్పనిసరి. ఐసీఏఐ పోర్టల్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. లోను కోసం నెట్‌వర్త్ సర్టిఫికెట్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లే ఆటోనగర్ వర్క్‌షాపు యజమానికి ఈ సంగతి తెలియదు. సరిచూసే లింకు సైట్‌లో పెట్టి, ఎలా చూడాలో రెండు మాటలు రాస్తే దొంగ ముద్రలవాళ్ల ఆటలు కొంతైనా కట్టవుతాయి.

'రీఫండ్ గ్యారంటీ' బ్యాచ్ ఒకటుంది. వాళ్లలో చాలామంది చార్టర్డ్ అకౌంటెంట్లు కారు, ఐసీఏఐ నిబంధనలు వాళ్లకు పట్టవు. సోషల్ మీడియాలో మెరిసేవి వాళ్ల పేజీలే. కట్టని విరాళాలు, లేని అద్దెలు చూపించి రీఫండ్లు తెప్పించినవారి మీద 2025 జూలైలో ఆదాయ పన్ను శాఖ దేశవ్యాప్తంగా సుమారు 150 చోట్ల తనిఖీలు చేసింది. నిజాయితీగా పనిచేసే ఆఫీసు అంతర్జాలంలో కనిపించనంత కాలం, వెతికే ఉద్యోగికి ముందు దొరికేది ఆ బ్యాచే.

డొమైన్ పేరు ఎవరి పేరు మీద ఉందో ఆడిటర్లు ఈ సాయంత్రమే చూసుకోవాలి. డిజైనర్ తన పేరు మీద కొని, నంబర్ మార్చి ఊరు వదిలేస్తే సైటూ, దాని మీద నడిచే ఈమెయిలూ రెండూ గాల్లో కలుస్తాయి. క్లయింట్లకు ఆస్తుల కాగితాల గురించి జాగ్రత్తలు చెప్పేవాళ్లకు ఇది మేం చెప్పాల్సి రావడం విడ్డూరం.

విజయవాడలో, గుంటూరులో ఐసీఏఐ శాఖలున్నాయి. పన్ను చట్టాల మీద సదస్సులు జరుగుతూనే ఉంటాయి. ఒక ఆదివారం ఈ పని మీద కూర్చోవచ్చు. నోటీసులు, ఎన్నారై ఆస్తులు, రిటర్నుకు కావాల్సిన కాగితాలు, వీటి మీద తెలుగు పేజీలు ఉమ్మడిగా రాసి సరిచూసి సభ్యులకు ఇవ్వొచ్చు. రాసే చేతులకు కొరత లేదు. మెట్లెక్కి వచ్చినవాళ్లకు రోజూ నూరుసార్లు అదే జవాబు చెబుతున్న ఆర్టికల్ కుర్రాళ్లు, అమ్మాయిలు ఉన్నారు. ఏ ప్రశ్న ఎక్కువ వస్తుందో వాళ్లకు తెలిసినట్టు పార్ట్‌నర్లకు కూడా తెలియదు.

అడ్రసు దగ్గర మాత్రం కొంచెం చూసుకోవాలి. బ్రాడీపేటలో 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని గుంటూరువాళ్లకు చెప్పక్కర్లేదు. సత్తెనపల్లి నుంచి మొదటిసారి వచ్చే రైతు దాన్ని డోర్ నంబర్ అనుకుని వీధి చివరిదాకా నడుస్తాడు. లైను, అడ్డరోడ్డు విడమర్చి రాసి, కింద జిరాక్స్ షాపు ఉంటే ఆ ముక్క కూడా వేయండి. లిఫ్టు లేకపోతే లేదని, రెండో అంతస్తని రాయండి. మోకాళ్ల నొప్పులున్న పింఛనుదారు ముందే ఫోన్ చేసి కుర్రాణ్ని కిందికి పిలిపించుకుంటారు.