ఎనిమిది సెకన్ల మహారాజశ్రీ మెల్లోట్రాన్ గారికి

మహారాజశ్రీ మెల్లోట్రాన్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగడానికి మాత్రం కాస్త భయంగా ఉంది. ఒక మెట్టు మూగబోయిందనో, టేపు చిక్కుపడిందనో, మోటారు నీరసపడిందనో తప్ప మీ గురించి శుభవార్త చెప్పినవాళ్ళు చాలా తక్కువ.

మీరు తెలియనివాళ్ళ కోసం ముందు మీ పరిచయం కానిచ్చేస్తాను. చూడ్డానికి చిన్న పియానోలా ఉంటారు. 1970లో వచ్చిన మీ ఎం400 మోడల్ మూత తీస్తే లోపల ముప్ఫై అయిదు మెట్లకు ముప్ఫై అయిదు టేపు ముక్కలు కనిపిస్తాయి. ఒక్కో ముక్క మీద ఎప్పుడో ఎవరో వాయించిన ఒకే ఒక్క స్వరం. మెట్టు నొక్కితే టేపు కదులుతుంది, ఆ స్వరం పలుకుతుంది. సుమారు ఎనిమిది సెకన్లు. అంతే, టేపు అయిపోయింది. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలు.

ఇప్పుడు అసలు సంగతి. పాట ఇరవై నిమిషాలు లేకపోతే నామోషీ అనుకున్నవాళ్ళు, రాక్ బ్యాండ్ పెట్టి సింఫనీ రాయాలని తహతహలాడినవాళ్ళు, ఇంగ్లండ్‌లో 1967 నుంచి ఓ పదేళ్ళ పాటు ప్రోగ్రెసివ్ రాక్ అనే పేరుతో లోకాన్ని ఏలారు. వాళ్ళలో చాలామంది మిమ్మల్ని నమ్ముకున్నారు. ఎనిమిది సెకన్లకు మించి ఊపిరి నిలపలేని మిమ్మల్ని! నలభై నిమిషాల గాంభీర్యం కావలసినవాళ్ళు మీ గుమ్మం తొక్కడం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వాగదు.

మీ వంశం గురించి కూడా రెండు మాటలు చెప్పక తప్పదు, కోపగించుకోకండి. మీ అసలు తండ్రి బర్మింగ్‌హామ్‌లో లేడు. కాలిఫోర్నియాలో హ్యారీ చాంబర్లిన్ అనే ఆయన ఇలాంటి టేపు వాద్యాన్నే తయారుచేసి అమ్ముకునేవాడు. ఆయన దగ్గర సేల్స్‌మన్‌గా ఉన్న బిల్ ఫ్రాన్సెన్ 1962లో రెండు వాద్యాలు పట్టుకుని ఇంగ్లండ్‌లో దిగాడు. టేపు మీది ధ్వనిని చదివే టేపు హెడ్‌లు, ఒకేలా పనిచేసేవి డెబ్భై చేసిపెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వాకబు చేశాడు. బర్మింగ్‌హామ్‌లో బ్రాడ్‌మాటిక్ అనే చిన్న కంపెనీ నడుపుతున్న బ్రాడ్లీ సోదరులు మేమున్నాం అన్నారు. పాపం, ఆ యంత్రం ఫ్రాన్సెన్‌దే అనుకున్నారట. 1963లో మీరు భూమ్మీద పడ్డారు. తర్వాత చాంబర్లిన్‌కు సంగతి తెలిసింది, గొడవ అయింది, డబ్బుతో సర్దుబాటు జరిగింది. మీ మీద పెట్టుబడి పెట్టిన ఇద్దరు పెద్దమనుషుల్లో ఒకరు బ్యాండ్ మాస్టర్ ఎరిక్ రాబిన్సన్. రెండోవారు డేవిడ్ నిక్సన్, టీవీలో మ్యాజిక్ షోలు చేసే ఇంద్రజాలికుడు. లేని ఆర్కెస్ట్రాను ఉన్నట్టు భ్రమింపజేసే వ్యాపారానికి అంతకంటే తగిన భాగస్వామి దొరకడు.

అప్పట్లో మీ ఆశయం కూడా పెద్దదేం కాదు. సాయంత్రం పూట డబ్బున్నవాళ్ళ హాల్లో కూర్చుని నాలుగు డాన్సు ట్యూన్లు వినిపించడం. అందుకే ఆ తొలి మోడల్‌లో కుడి, ఎడమ రెండు వైపులా మెట్లు పెట్టి, ఎడమ వైపు వాటి నిండా రెడీమేడ్ రిథమ్‌లు నింపారు. ఒక్క వేలు పెడితే చాలు, గదిలో బ్యాండు మోగిపోతుంది. ఇంగ్లండ్ యువరాణి మార్గరెట్, జోర్డాన్ రాజు హుస్సేన్ మిమ్మల్ని కొన్నారంటే మీ స్నేహాలు ఏ స్థాయివో అర్థమవుతుంది. ధర సుమారు వెయ్యి పౌండ్లు, 1960ల నాటి వెయ్యి పౌండ్లు. సంగీతం రానివాళ్ళకు సంగీతం వచ్చినట్టు అనిపించే వస్తువుకు ఎంత ధరైనా తక్కువే లెండి.

లండన్‌లోని ఐబీసీ స్టూడియోకు వచ్చి మీ కోసం ఒక్కో స్వరం ఒక్కోసారి వాయించి వెళ్ళిన వయొలిన్ వాళ్ళు, ఫ్లూట్ వాళ్ళు నాకు తరచు గుర్తొస్తారు. "సా" వాయించండి. ఎనిమిది సెకన్లు. ఆపండి. ఇప్పుడు ఆ పక్క స్వరం. ఎనిమిది సెకన్లు. ఇలా ముప్ఫై అయిదు. బతుకంతా బీథోవెన్‌ను సాధన చేసి వచ్చినవాడికి ఆ మధ్యాహ్నం ఎలా గడిచి ఉంటుందో! వాళ్ళు కూలి డబ్బులు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. వాళ్ళ కమాను మాత్రం ఈ రోజుకీ ఏదో ఒక రికార్డులో కదులుతూనే ఉంది. మీ వల్ల మా పొట్ట కొడతారని అక్కడి మ్యుజీషియన్స్ యూనియన్ గోల పెట్టిందంటే తప్పెవరిది? కోడంబాకం స్టూడియోల్లో ముప్ఫై మంది వయొలిన్ వాళ్ళు కూర్చునే చోట ఒక కీబోర్డు వచ్చి కూర్చున్న రోజులు చూసినవాళ్ళను అడగండి, ఆ గోల ఎలాంటిదో తెలుగు, తమిళం రెండింట్లోనూ చెబుతారు.

సరే, ఇక మీ కీర్తి దశకు వద్దాం. మీ ఫ్యాక్టరీలోనే ఏడాదిన్నర పనిచేసిన కుర్రాడు ఒకడు మిమ్మల్ని రాక్ వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళాడు. మైక్ పిండర్, మూడీ బ్లూస్ బ్యాండ్. ఎడమ వైపు ఆ డాన్సు రిథమ్‌లన్నీ పీకేసి, అక్కడా వయొలిన్‌లే పెట్టుకున్న ఘనుడు. 1967లో వాళ్ళ 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్' వచ్చింది. అట్ట మీద లండన్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రా అని ఘనంగా వేశారు. నిజంగానే ఆర్కెస్ట్రా ఉంది, పీటర్ నైట్ చక్కగా రాశాడు కూడా. కానీ జాగ్రత్తగా వింటే తెలుస్తుంది: ఆర్కెస్ట్రా ఎక్కువగా పాటకూ పాటకూ మధ్యలో వచ్చి, వాయించి, మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. బ్యాండు వాయిస్తున్నప్పుడు, పాట నడుస్తున్నప్పుడు, వెనక తంత్రులు పలికింది మీరు. అసలు ఆర్కెస్ట్రాకు డబ్బులిచ్చి పిలిపించి, పని మాత్రం డూప్ చేత చేయించిన మొదటి పెద్ద ఆల్బమ్ అదే అనుకుంటాను. విచిత్రం ఏమిటంటే, నాకు నచ్చేవి ఆ డూప్ ఉన్న చోట్లే.

మిగతావాళ్ళు ఇంకో దారి పట్టారు. 1969 సెప్టెంబరు 24న డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండు వాళ్ళు రాయల్ ఆల్బర్ట్ హాల్లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి కూర్చున్నారు. రాసింది ఆ బ్యాండు కీబోర్డు వాద్యకారుడు జాన్ లార్డ్, నడిపించింది మాల్కమ్ ఆర్నాల్డ్. ఆర్కెస్ట్రా కాసేపు, బ్యాండు కాసేపు, మీరు ముందంటే మీరు ముందు అన్నట్టు ఉంటుంది చాలా సేపు. కీత్ ఎమర్సన్ గారికి ఆ మొహమాటం లేదు. హామండ్ ఆర్గాన్ మెట్ల మధ్య కత్తులు గుచ్చి వాయించే మనిషి ఆయన. 1971 మార్చిలో న్యూకాసిల్ సిటీ హాల్లో ఆయన బ్యాండు ఎమర్సన్, లేక్ అండ్ పామర్ రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్' మీద పడి దాన్ని రికార్డు చేశారు. అంతకు ముందరి ఏడాది వాళ్ళ తొలి ఆల్బమ్‌లో బార్టోక్, యానాచెక్ అనే శాస్త్రీయ స్వరకర్తలిద్దరి సంగీతమూ ఉంది. రికార్డు మొదట వచ్చినప్పుడు వాళ్ళిద్దరి పేర్లూ లేవు. శాస్త్రీయ సంగీతం మీద అంత గౌరవం అన్నమాట, పేరు పెట్టి పిలవడానికి కూడా జంకారు.

అయితే అనుమతి అడిగినవాళ్ళకు మాత్రం ఏం ఒరిగింది? కింగ్ క్రిమ్సన్ బ్యాండు వాళ్ళు స్టేజీ మీద ఇంగ్లీషు స్వరకర్త హోల్స్ట్ రాసిన 'మార్స్' వాయించి వాయించి, 1970లో దాన్ని రికార్డు చేద్దామనుకుంటే హోల్స్ట్ వారసుల తరఫున కుదరదన్నారు. వాళ్ళు దాన్నే అటూ ఇటూ మార్చి 'ది డెవిల్స్ ట్రయాంగిల్' అని పేరు పెట్టారు. అందులో భయంకరంగా మూలిగింది ఎవరు? మీరే. ఎమర్సన్ తర్వాత బుద్ధి తెచ్చుకుని, అర్జెంటీనా స్వరకర్త హినస్తేరాను స్వయంగా కలిసి తన వెర్షన్ వినిపిస్తే ఆయన మెచ్చుకుని ఒప్పుకున్నాడు, 1973లో అది వచ్చింది. ఎమర్సన్‌కు ఆ మెప్పు ఎంత ముఖ్యమో, ఆ కాలపు కుర్రాళ్ళ మనసు ఎక్కడుందో దాన్ని బట్టే తెలుస్తుంది. కోట్లమంది అభిమానులున్నా కచేరీ హాలు వాళ్ళు ఒక్కసారి తల ఊపితే చాలని చూసేవారు. 1977లో ఎమర్సన్ బ్యాండు పెద్ద ఆర్కెస్ట్రానే వెంటబెట్టుకుని అమెరికా టూరుకు వెళ్ళారు. ఖర్చు తట్టుకోలేక కొద్ది రోజులకే ఆర్కెస్ట్రాను ఇంటికి పంపించి, ముగ్గురూ మిగిలిన షోలు కానిచ్చారు. మిమ్మల్ని తీసుకెళ్తే ఇద్దరు కూలీల ఖర్చుతో పోయేది కదా!

పోయేదా? ఇక్కడే మీ స్టేజీ చరిత్ర అడ్డొస్తోంది. మూడీ బ్లూస్ తొలి అమెరికా టూరులో మీ వెనక తలుపు ఊడి టేపులన్నీ స్టేజీ మీద కుప్పగా పడ్డాయి. పిండర్ పనిముట్ల సంచీ తీసి మీకు ఆపరేషన్ చేస్తుంటే, లైటింగ్ వాళ్ళు జనానికి పాత కార్టూన్లు వేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రి టికెట్ డబ్బులు పూర్తిగా గిట్టాయని నా అభిప్రాయం. ఎక్కువ మెట్లు ఒకేసారి నొక్కితే మోటారు బరువు మోయలేక శ్రుతి దిగజారేది. చలికి ఒకలా, ఎండకు ఒకలా, ఊరు మారి కరెంటు మారితే ఇంకోలా. మిమ్మల్ని శ్రుతి చేయడమన్నది అసలు జరిగే పని కాదని కింగ్ క్రిమ్సన్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ తేల్చేశాడు.

దానికి మందు కనిపెట్టింది జెనెసిస్ బ్యాండు కీబోర్డు వాద్యకారుడు టోనీ బ్యాంక్స్. కింగ్ క్రిమ్సన్ వాడిన మెల్లోట్రాన్‌నే కొనుక్కున్నాడు. మీ మీద కొన్ని కార్డ్‌లు, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపులు, వాయిస్తే చెవులు మూసుకోవాల్సిందే, కొన్ని మాత్రం అద్భుతంగా మోగేవి. ఆ అద్భుతమైన వాటినే ఏరుకుని 1972లో 'వాచర్ ఆఫ్ ది స్కైస్' ఎత్తుగడ కట్టాడు. చీకట్లోంచి ఏదో పెద్ద గుడి తలుపులు తెరుచుకుంటున్నట్టు ఉంటుంది. విమర్శకులు దాని గురించి ఎంత రాసినా, ఆ స్వర సంచారానికి సగం కారణం ఏ మెట్లు ఏడుస్తాయో ఏవి నవ్వుతాయో అనే లెక్క. నాకైతే ఆ ఒక్క ఎత్తుగడ ముందు ఆల్బర్ట్ హాల్ సాయంత్రం మొత్తం దిగదుడుపు.

శ్రుతి విషయంలో మీకు మా దేశంలో ఒక చుట్టం ఉంది, హార్మోనియం. అదీ పరాయి దేశంలో పుట్టి వచ్చిందే. మా పద్య నాటకాల్లో అది లేనిదే కృష్ణుడు నోరు తెరిచేవాడు కాదు, జనం వన్స్‌మోర్ అనేవారు కాదు. గమకం పలకదు, శ్రుతులు సరిగా లేవు అని ఆకాశవాణి వారు 1940లో దాన్ని గడప దాటి రానివ్వమన్నారు. మూడు దశాబ్దాలు బయటే ఉంచారు. మీ ఇద్దరికీ తేడా ఒకటే. మా హార్మోనియం ఎప్పుడూ తాను వయొలిన్‌నని చెప్పుకోలేదు.

మీ భక్తుల్లో కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ సంగతి వేరే చెప్పాలి, అందులో మా వాటా కూడా ఉంది. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి మధ్యలో మానేసి, యెస్ బ్యాండులో చేరినవాడు. ఆ బ్యాండు గాయకుడు జాన్ ఆండర్సన్ టోక్యోలో యోగానంద పుస్తకం చదువుతూ ఒక ఫుట్‌నోట్ దగ్గర ఆగిపోయాడు. మన ఇళ్ళల్లో 'ఒక యోగి ఆత్మకథ'గా ఉంటుందే, అదే పుస్తకం. శ్రుతి, స్మృతి, పురాణాలు, తంత్రం అని అందులో నాలుగు విభాగాలు. మన వాళ్ళు ఆ ఫుట్‌నోట్ దాటి పేజీ తిప్పేస్తారు. ఆయన దాన్ని పట్టుకుని నాలుగు వైపుల ఎల్‌పీ చేశాడు, విభాగానికి ఒక వైపు. 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్', 1973. ఎనభై నిమిషాలు. అందులోనూ మీరున్నారు. వేక్‌మన్‌కు అది ఎక్కలేదు. మాంచెస్టర్‌లో అదే వాయిస్తున్న రాత్రి, షో అయ్యాక ఏం తింటారని అసిస్టెంట్ అడిగితే చికెన్ విందాలూ, పులావు, అప్పడాలు, బెండకాయ కూర, ఇంకా ఏవో చెప్పాడు. అవి షో మధ్యలోనే వచ్చేశాయి. వేక్‌మన్ గారు స్టేజీ మీదే, కీబోర్డుల మధ్య కూర్చుని తిన్నాడు. శ్రుతి స్మృతుల మీద సంగీతం జరుగుతుండగా కూర వాసన రావడం మాకు కొత్తేమీ కాదు, మా ఉపనయనాల్లో జరిగేదే. ఆ తర్వాతి ఏడాది ఆయన బ్యాండు వదిలేశాడు. మీ మీద కోపంతో మిమ్మల్ని పొలంలోకి తీసుకెళ్ళి పెట్రోలు పోసి తగలబెట్టానని కూడా ఆయన చెప్పుకున్నాడు. అందులో ఎంత నిజమో, ఆ పొగ ఏ శ్రుతిలో లేచిందో మీకే తెలియాలి.

తర్వాత మీకు మంచి రోజులు ఎక్కువ కాలం లేవు. 1970ల రెండో సగంలో మిమ్మల్ని అమ్మే కంపెనీ దివాలా తీస్తే, సొంత పేరు మీదే హక్కు పోయింది. నోవాట్రాన్ అనే మారుపేరుతో కొన్నాళ్ళు తిరిగారు. ఎంత కొట్టుకున్నా ఒకటే పని చేసే మీ పక్కన, సన్నగా తేలిగ్గా ఏ శబ్దమైనా చేసే డిజిటల్ కీబోర్డులు వచ్చి నిలబడ్డాయి. 1986లో ఫ్యాక్టరీ మూతపడింది. దొంగ ఆర్కెస్ట్రాను ఇంకా పెద్ద దొంగ ఆర్కెస్ట్రా తరిమేసిందన్నమాట, యూనియన్ వాళ్ళు ఆ రోజు ఎవరి పక్షాన ఏడవాలో తెలియక ఇబ్బంది పడి ఉంటారు.

ఇక ఫిర్యాదు. ఇప్పుడు మీరు ల్యాప్‌టాప్‌లోకి దిగారు. బరువు లేదు, చిక్కుపడటం లేదు, వెనక తలుపు ఊడదు. ప్లగిన్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటే మీ వయొలిన్‌లు, ఫ్లూట్, ఎనిమిది మంది కోరస్, అన్నీ వస్తాయి. ఆ ప్లగిన్‌లలో టేపు సొద ఎంత ఉండాలి, శ్రుతి ఎంత ఊగాలి, మోటారు ఎంత అలసిపోవాలి అని విడివిడిగా నాబ్‌లు పెట్టారు. బ్యాంక్స్, పిండర్ పగలంతా స్క్రూ డ్రైవర్ పట్టుకుని ఏ రోగాలతో కొట్టుకున్నారో, ఇప్పుడు కుర్రాళ్ళు ఆ రోగాలనే డబ్బులిచ్చి కొంటున్నారు. కొన్నిటిలో ఎనిమిది సెకన్ల దగ్గర ఆగాలా, ఆగకుండా సాగాలా అనే స్విచ్చు కూడా ఉంది. సాగేలా పెట్టి విన్నాను. స్వరం అలా పోతూనే ఉంది, పోతూనే ఉంది. వాయించేవాడికి వేలు ఎప్పుడు తీయాలో తెలియడం లేదు. వెంటనే స్విచ్చు ఆపేశాను.

కాబట్టి మనవి ఏమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళతో మీరు మాట్లాడి ఆ స్విచ్చు తీయించండి. దాంతోపాటు, ఇరవై నిమిషాల పాటలు రాసేవాళ్ళ చేతికి ఒక్కో వాయిద్యం ఇచ్చేటప్పుడు కనీసం ఒక టేపు అయిపోయే ఏర్పాటు ఉండేలా చూడండి. ఖర్చు నేను భరించలేను.

ఇట్లు,
తొమ్మిదో సెకనులో ఏం వస్తుందోనని చెవి ఒగ్గిన,
మీ పాత శ్రోత